పొడి మేజోళ్ళు

పోయిన వారం మన లోడుని శిక్షణ కేంద్రం గేటు దగ్గర, తూకం కాటా మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, వీపున సంచీతో వారం నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ముందు వాణ్ణి కిందికి దించుదాం, తర్వాత తీరిగ్గా కథలోకి ఎక్కుదాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లోడు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. మేనమామ లారీ ఆఫీసులో ఏళ్ళ తరబడి సరుకు ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించిన మనిషి, సైన్యంలో చేరిన మొదటి పూటే ఆ సంగతి నోరు జారాడు. అంతే, పేరు అతుక్కుంది. నిజానికి కిందటి జట్టుతోనే ఇతని శిక్షణ పూర్తి కావలసింది. ఆఖరి అంచెలో, కొండ మధ్యలో, జ్వరంతో కూలబడ్డాడు. అలా పడినవాడికి తర్వాతి జట్టుతో ఇంకొక్క అవకాశం ఇస్తారు. ఆ ఒక్కటే ఇది. ఈసారి పడితే లేపేవాళ్ళు ఉండరు, పంపేవాళ్ళే ఉంటారు.

ఆఖరి అంచె అంటే వానాకాలంలో, వీపున బరువుతో, వాగులు దాటి కొండలెక్కి, అవతలి చెరువుగట్టు మీద పాతిన ఎర్రజెండా దాకా నడక. ఒంటరిగా కాదు, జంటలుగా. ఇద్దరూ జెండా దాటితే ఇద్దరూ సైనికులు. ఒకడు దారిలో రాలితే రెండోవాడూ రాలినట్టే. ఈ కేంద్రంలో ఇంకో పద్ధతి కూడా ఉంది: ఎవడి సంచీ వాడు సర్దుకోకూడదు. జంటగాడే సర్దాలి. కాటా వేసి మూతి బిగించాక మొదటి మజిలీ దాకా విప్పకూడదు. "నీ వెనక ఏముందో నీకు కనపడదు, నీ పక్కవాడికే కనపడుతుంది" అన్నది శిక్షకుడు ఇస్త్రీ సారు సిద్ధాంతం.

ఇస్త్రీ సారు చొక్కా మడత మీద వేలు పెడితే తెగుతుందని ప్రతీతి. బట్టలకి మడతలు పెట్టడం, మనుషులకి మడతలు తియ్యడం ఆయన వృత్తి. ఎప్పుడూ వేడి మీదే ఉంటాడు. కాబట్టి ఆ పేరుకి వేరే వివరణ అక్కర్లేదు.

లోడు జంటగాడు సైలెన్సర్. మెలకువగా ఉన్నంతసేపూ చప్పుడు చెయ్యడు, నిద్రపోతే మాత్రం సైలెన్సర్ ఊడిపోయిన బండి. జట్టులో అందరికంటే గట్టివాడు. మాటల విషయంలో మహా పొదుపరి. 'అవును' అనాల్సిన చోట తల ఊపి, ఆ ఒక్క పదాన్నీ మిగుల్చుకుంటాడు.

సరే. "దిగరా, కాటా నీ అత్తారిల్లు కాదు" అన్నాడు ఇస్త్రీ సారు. లోడు దిగాడు. నడక మొదలైంది.

నడక మొదలైన కాసేపటికే లోడు బుర్రలో పురుగు తొలచడం మొదలుపెట్టింది. సంచీ తేలిగ్గా ఉంది.

తేలిక అంటే మరీ దూదిమూట కాదు. కానీ కిందటిసారి ఇదే దారిలో ఇదే బరువు, పగబట్టిన చుట్టంలా మెడ మీద కూర్చుని దిగనంది. ఈసారి వీపుకి అంటుకుని, చంటిపిల్లలా నిద్రపోతోంది. కాటా చెడిపోయిందా అంటే, తన సంచీ, సైలెన్సర్ సంచీ ఒక్కలాగే తూగడం కళ్ళారా చూశాడు. బరువు అంతే ఉండి భారం తగ్గడం ఏమిటి?

"ఒరేయ్, నా సంచీలో ఏం పెట్టావు?"

"సామాను."

"సామానని నాకూ తెలుసు. పక్షి ఈకలు గానీ పెట్టావా?"

సైలెన్సర్ తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడంలో కూడా ఏదో తేడా ఉంది. ఎప్పుడూ నిటారుగా, జెండాకర్రలా నడిచే మనిషి, ఇవాళ ముందుకి వంగి ప్రశ్నార్థకంలా నడుస్తున్నాడు. ప్రశ్నలు అడగడం లోడు పని, ప్రశ్నలా నడవడం సైలెన్సర్ పని అయిందన్నమాట.

వెనకాల జంటలో పొడుగు అనే పొడుగాటివాడు, వాడి పక్కన చిన్న ఓనరు. ఈ చిన్న ఓనరు ఎవరో కాదు, లోడు మేనమామ కన్నకొడుకు, వరసకి బావ. అక్కడ లోడు మూటలు మోస్తుంటే ఈయన ఆఫీసు బల్ల వెనక ఫ్యాను కింద కూర్చునేవాడు. అటువంటివాడు ఉన్నట్టుండి ఈ జట్టులో ఎందుకు ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. వచ్చిన దగ్గర్నుంచి లోడుతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. గాలితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆ గాలి మాత్రం సూటిగా లోడు చెవిలోకే వీస్తుంది.

"పొడుగూ, నీకు లారీల సంగతి తెలుసా?" అన్నాడు చిన్న ఓనరు, వాన చప్పుడు మీదుగా. "పోయేటప్పుడు ఒక లోడు, వచ్చేటప్పుడు ఒక లోడు. వచ్చేదాన్ని రిటర్న్ లోడు అంటారు. మా నాన్న ఒకణ్ణి సాగనంపుతూ అన్నాడు, ఇది ఎక్కడా దిగే సరుకు కాదు, రిటర్న్ లోడేనని!"

చుట్టుపక్కల నాలుగైదు జంటలు నవ్వాయి. లోడు కూడా మంచి మాటకి నవ్వే రకమే గానీ, ఈ మాట విన్నప్పుడల్లా వాడికి నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. మేనమామ నోటి వెంట వచ్చిన మాట అది. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని లారీ హారన్ నొక్కించిన మామ. ఆ మామ ఎదుట సైనికుడిగా నిలబడాలనే ఈ యాతనంతా. ఓడిపోయి వెళితే అదే షెడ్డు, అవే మూటలు, పైన ఆ మాట.

"బావకి ఊపిరి బాగానే ఆడుతున్నట్టుంది" అన్నాడు లోడు, తనూ గాలితోనే. "కొండ మొదలైతే చూద్దాం, రిటర్న్ ఎవరో, టర్న్ ఎవరో."

మధ్యాహ్నానికి మొదటి మజిలీ వచ్చింది. పాతబడిన ఇటుకబట్టీ. పొగ గొట్టం సగం కూలి, ఎర్రమట్టి వానకి చిత్తడై, బూటు పెడితే బూటుని మింగేటట్టుంది. రేకుల కప్పు కింద డాక్టరమ్మ ఒక మడత కుర్చీ, మందుల పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ వెనక ఆగి ఉన్న బండి ఒక్కటే ఈ అంచెలో అందరికీ భయం. నడవలేనివాళ్ళని వెనక్కి తీసుకుపోయేది అదే.

మజిలీలో తిండి కంటే ముందు పాదాల హాజరు. ఒకడు బూట్లు విప్పాలి, జంటగాడు చూడాలి. ఇస్త్రీ సారు వరస వెంట నడుస్తూ అడిగినప్పుడు, చూసినవాడే చెప్పాలి. ఎవడి పాదాల గురించి వాడు చెప్పుకుంటే చెల్లదు. ఇదీ ఆయన కనిపెట్టిందే. ఎందుకంటే ఆఖరి అంచెలో ఉన్నవాణ్ణి నీకెలా ఉందని అడిగితే, ప్రాణం సగం పోయినా "బ్రహ్మాండం సార్" అనే అంటాడు. అబద్ధం తన గురించి ఆడినంత తేలిగ్గా పక్కవాడి గురించి ఆడలేరని ఆయన లెక్క.

ముందు సంచీల మూతులు విప్పుకోవచ్చన్నారు. ఆత్రంగా లోడు తన సంచీ విప్పాడు. పైన, సరిగ్గా భుజాల మధ్యకి వచ్చేచోట, వీపుని ఆనించి గుడారం ఇనప మేకులు, సుత్తి, తిండి డబ్బాలు. అడుగున దుప్పటి. ఓహో, అదా సంగతి! తర్వాత సైలెన్సర్ సంచీ విప్పాడు. అది తాను సర్దిందే. అడుగున ఇనప మేకులు, సుత్తి, డబ్బాలు. పైన దుప్పటి.

లోడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బరువు అడుగున, తేలిక పైన. ఇది లారీ ఎక్కించే పద్ధతి. లారీకి మంచిదే, మనిషికి మాత్రం ప్రతి అడుగులోనూ ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. పాఠంలో ఇస్త్రీ సారు ఇదంతా చెప్పాడు, లోడు చెవులు విన్నాయి కూడా. కానీ సర్దేది చేతులు, చేతులకి చెవులుండవు. ఏళ్ళ అలవాటుకొద్దీ అవి వాటి పని అవి చేసేసుకున్నాయి.

"నీ వీపుని లారీ అనుకున్నానురా! పొద్దుటినుంచీ లాగుతుంటే ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"విప్పకూడదుగా" అన్నాడు సైలెన్సర్.

"విప్పకపోయినా తిట్టొచ్చుగా!"

సైలెన్సర్ భుజాలు ఎగరేశాడు. వాడు ఇటుకల గుట్ట మీద కూర్చున్నాడు, బూట్లతోనే. చుట్టూ అందరూ బూట్లు విప్పి నీళ్ళు ఒంపుకుంటున్నారు. వాడు మాత్రం తాడు ముడి సవరించుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

లోడు తన సంచీలోకి మళ్ళీ చెయ్యి పెట్టాడు, పొడి మేజోళ్ళ కోసం. ప్లాస్టిక్ కవరులో చుట్టినవి తగిలాయి. దాని పక్కనే ఇంకో కవరు తగిలింది. తీసి చూస్తే అవీ మేజోళ్ళే. అంచున నీలం దారంతో కుట్టిన గుర్తు. ఆ గుర్తు సైలెన్సర్‌ది.

వానలో నడిచే మనిషికి పొడి మేజోళ్ళంటే ఏమిటో నడిచినవాడికే తెలుసు. పెళ్ళి సంబంధం ఒక చేత్తో, పొడి మేజోళ్ళు ఒక చేత్తో చూపించి ఏది కావాలంటే, పెళ్ళికూతురు వైపు కన్నెత్తి కూడా చూడరు. అటువంటి సొత్తు వాడు తన సంచీలో ఎందుకు పెట్టాడు? పొరపాటా? పళ్ళు తోముకునే బ్రష్షుని కూడా ఇస్త్రీ చేసినట్టు పెట్టుకునేవాడు పొరపాటు చెయ్యడు. దయా? దయ అయితే ఒక జత ఇస్తాడు, ఉన్నవన్నీ ఇవ్వడు. ఇక మిగిలింది ఒక్కటే. ఉన్నదంతా ఇచ్చేసేవాడు, ఉండబోనివాడు.

లోడు గుండె బూట్లలోకి జారింది. వాడు మానేస్తే తనకి జంట లేదు. జంట లేకపోతే జెండా లేదు.

"మానేస్తున్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

సైలెన్సర్ కవరు వైపు చూసి, లోడు వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మరి ఇవి నా దగ్గరికి ఎందుకొచ్చాయి?"

"నాకు అక్కర్లేదు."

"వానలో నడిచినా సాక్సులు అక్కర్లేని కాళ్ళు కుర్చీకే ఉంటాయిరా! నువ్వు కుర్చీవా?"

లోడు కింద కూర్చున్నాడు. జవాబు దొరక్కపోతే వస్తువులని అడగడం వాడికి అలవాటు. ఆఫీసులో కూడా డ్రైవరు నిజం చెప్పకపోతే టైరుని చూసి తెలుసుకునేవాడు. ఇప్పుడు సైలెన్సర్ బూట్లని చూశాడు. కుడి బూటు తాడు బిగుతుగా, పుస్తకంలో బొమ్మలా ఉంది. ఎడమ బూటు తాడు చివరి రంధ్రం దాకా వదులు చేసి, కనపడకుండా పైన మాత్రం ముడి వేసి ఉంది. అంత వదులు చేసినా తోలు ఉబ్బి, నిండు మూటలా బిగిసి ఉంది.

అప్పుడు వెలిగింది. బూటు విప్పకూడదని నిర్ణయించుకున్నవాడికి మేజోళ్ళు ఎందుకు?

"ఎడమ బూటు విప్పు."

"వద్దు."

"విప్పరా, చూస్తాను. హాజరు."

"విప్పితే మళ్ళీ ఎక్కదు."

"ఎప్పటిది ఇది?"

"గోడ."

పోయిన వారం గోడ దూకే పరీక్షలో వీడే అందరికంటే ముందు దూకాడు. దూకినవాడు కాసేపు లేవలేదు. బూటు తాడు కట్టుకుంటున్నాడేమో అనుకున్నారంతా. అంటే సంచీ సర్దేనాటికే వాడికి తెలుసు. దాని మీద ఈ లారీ లోడు!

"డాక్టరమ్మకి చెప్పలేదేం?"

సైలెన్సర్ ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటల మూటని ఒక్కసారిగా కుమ్మరించాడు. "చెబితే నన్ను ఆపేస్తారు. ఆపితే నీకు జంట ఉండదు. నేను పడితే నాకు తర్వాతి జట్టు ఉంది. నువ్వు పడితే నీకేం లేదు. జెండా దాకా నడిపించగలను, ఎలాగో నడిపిస్తా. తర్వాత ఆ కాలు ఏమైతే అయింది. నువ్వు బాగున్నాయని ఒక్క మాట చెప్పు. నువ్వు రోజంతా వాగుతావుగా, అందులో ఈ ఒక్కటి ఎంత?"

ఇది అచ్చంగా కాళ్ళబేరం. కానీ బేరమాడేవాడు తన కాలు పెట్టి, ఎదుటివాడి కోసం ఆడుతున్నాడు.

వరస చివర్నుంచి ఇస్త్రీ సారు గొంతు దగ్గరవుతోంది. "పాదాలు?" "బాగున్నాయి సార్!" "పాదాలు?" "చిన్న బొబ్బ సార్, కట్టు కట్టాం!" "పాదాలు?" అన్నది చిన్న ఓనరు దగ్గర ఆగింది. "మా పొడుగువి భేషుగ్గా ఉన్నాయి సార్!" అని చిన్న ఓనరు బట్టీ కూలిపోయేటట్టు అరిచాడు.

ఒక్క మాట. అంటే అయిపోతుంది. ఇస్త్రీ సారు ముందుకి పోతాడు, సంచీ తిరగేసి సరిగ్గా సర్దుతాను, సగం సామాను నేను మోస్తాను, వాడి భుజం కింద భుజం పెడతాను... ఇలా లోడు మనసు చకచకా లెక్కలు కట్టేసింది. కడుతూనే ఒకచోట ఆగింది. ఇరుసులో చీలిక ఉన్న లారీని ఇలాగే, మెల్లగా పోతే ఏం కాదులే అని డ్రైవర్లు బతిమాలేవాళ్ళు. మెల్లగా పోయిన లారీ కూడా కొండమలుపులోనే విరిగేది. ఏ రోజూ గేటు దగ్గర విరిగేది కాదు.

"లోడు! నీ జంట పాదాలు?"

బూట్ల ముందు బూట్లు ఆగాయి. సైలెన్సర్ లోడు కళ్ళలోకి చూస్తున్నాడు. ఒకే మాట అడుగుతున్నాడు.

"చూడలేదు సార్."

"ఎందుకు చూడలేదు?"

"విప్పలేదు సార్."

"ఎందుకు విప్పలేదు?"

"విప్పితే మళ్ళీ పట్టదు సార్. ఎడమది. బాగాలేదు సార్."

సైలెన్సర్ కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. బూటు లాగడానికి ప్రయత్నించలేదు, కత్తెరతో తాడుని, తర్వాత తోలుని కూడా కత్తిరించింది. మేజోడు ఒలిచాక లోపల కనిపించిన దాన్ని పాదం అనడానికి అలవాటు మాత్రమే కారణం. ఊదా రంగులో, పులిసి పొంగిన పిండిలా ఉంది. ఆవిడ మెల్లగా ఒక చోట వేలు ఆనించింది. ఏ దెబ్బకీ చప్పుడు చెయ్యని సైలెన్సర్, మెలకువగా ఉండి మొదటిసారి చప్పుడు చేశాడు.

"ఎముక చీలింది" అంది డాక్టరమ్మ. "దీని మీదనా బాబూ ఇంత దూరం నడిచింది? ఇంకో కొండ ఎక్కి ఉంటే జన్మలో పరిగెత్తేవాడివి కాదు."

ఇద్దరు వచ్చి వాణ్ణి మోతబల్ల మీద పడుకోబెట్టారు. బండి వైపు మోసుకెళుతుంటే లోడు పక్కనే నడిచాడు. పక్కన నడవడం ఇదే ఆఖరు కాబట్టి.

"నిన్ను తిట్టాలనుంది" అన్నాడు సైలెన్సర్, ఆకాశం వైపు చూస్తూ.

"తిట్టు."

"మాటల్లేవు."

"దాచుకున్నవన్నీ ఇందాకే ఖర్చుపెట్టేశావుగా" అన్నాడు లోడు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఇద్దరూ నవ్వలేదు. లోడు నీలం దారం మేజోళ్ళ కవరు వాడి గుండెల మీద పెట్టాడు. వాడు తీసి మళ్ళీ లోడు చేతిలోనే కుక్కి, మొహం అటు తిప్పుకున్నాడు.

ఇస్త్రీ సారు పక్కకి వచ్చాడు. "రూలు తెలుసుగా?"

"తెలుసు సార్. జంట లేనివాడికి నడక లేదు."

"ఇంకెవడైనా ఒంటరిగా మిగిలితే ఇద్దరినీ కలపొచ్చు. ఈల వేసేదాకా సమయం ఉంది." ఆయన వరస వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఎవరికైనా జంట పాదాలు బాగాలేవా?"

రేకుల మీద వాన తప్ప ఏమీ వినపడలేదు. అందరి పాదాలూ భేషుగ్గా ఉన్నాయి. అసలు ఇంత ఆరోగ్యమైన జట్టు ఈ భూమ్మీద ఎక్కడా ఉండి ఉండదు.

లోడు తన సంచీ భుజాన వేసుకున్నాడు. ఇందాక తేలిగ్గా ఉన్న సంచీయే ఇది. ఇప్పుడు మోయలేనట్టుంది. బండి మెట్టు మీద కాలు పెట్టాడు.

"సార్!"

వెనకనుంచి ఎవరో. లోడు తిరిగి చూశాడు.

చిన్న ఓనరు వరసలోంచి ఒక అడుగు ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ పెదవి మీద ఉండే ఆ వెటకారం ఇప్పుడు లేదు. "మా పొడుగు పాదాలు బాగాలేవు సార్."

"ఇందాక భేషుగ్గా ఉన్నాయన్నావు?"

"చూడకుండా అన్నాను సార్. ఇప్పుడు చూశాను."

"ఒరేయ్, నీకేం పోయేకాలం వచ్చిందిరా!" అని పొడుగు ఎగిరాడు. ఎగిరి నేల మీద కాలు పడగానే "అమ్మో" అని కూర్చుండిపోయాడు. మడమ తిప్పని వీరుణ్ణని రోజుకొకసారి చెప్పుకునేవాడు పాపం. వాడు మడమ తిప్పలేదు గానీ మడమ మీది తోలే తిరగబడింది. రెండు మడమలూ పచ్చిపుండ్లు. డాక్టరమ్మ చూసి, మాట కూడా అనకుండా బండి వైపు వేలు చూపించింది. పొడుగు కుంటుతూ పోతూ చిన్న ఓనరుని, వాడి నాన్నని, వాడి లారీల్ని, లారీల టైర్లని వరసగా తిట్టాడు. వాడికి మాత్రం మాటల కొరత లేదు.

ఇస్త్రీ సారు చిన్న ఓనరు దగ్గరికి వచ్చి, ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. "చూడకుండా చెప్పినందుకు పొడుగు సంచీలో ఇనప సామానంతా నువ్వు మొయ్యాలి. చూశాక చెప్పినందుకు నడుస్తావు. లేకపోతే నువ్వూ బండే ఎక్కేవాడివి. అర్థమైందా?"

"అయింది సార్."

"లోడు! దిగు. నీ జంట వీడు. సంచీలు ఖాళీ చేసి, ఒకడిది ఒకడు సర్దండి. పాదాల హాజరు మళ్ళీ చెప్పండి. ఈల పడ్డాక కొండ దాటేదాకా శత్రువు ప్రాంతం అనుకోండి. ఎవడి గొంతు వినపడినా వాడి జంట మొత్తం బండెక్కుతుంది."

లోడు మెట్టు దిగాడు. సంతోషించాలో వద్దో తెలియలేదు. నడక దక్కింది, కానీ ఎవరి పక్కన నడక! సైన్యం మొత్తం వెతికినా, ఈ బావకంటే పక్కన నడవకూడనివాడు దొరకడు. పైగా ఇద్దరిలో ఎవడు పడినా ఇద్దరూ పోతారు. రిటర్న్ లోడు అన్నవాడే, లోడు రిటర్న్ కాకుండా చూడాలిప్పుడు.

ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. లోడు సంచీ బావ ముందు, బావ సంచీ లోడు ముందు. పొడుగు సంచీలోని మేకులు కూడా కలిసి ఇనుము గుట్టయింది. ఇదంతా అడుగున వేసి మూతి బిగిస్తే, తర్వాతి మజిలీ దాకా బావ వీపు ఏ పాట పాడుతుందో ఒక్క క్షణం ఊహించుకున్నాడు లోడు. ఆ ఊహ చాలా తియ్యగా ఉంది. చప్పరించి, ఉమ్మేసి, దుప్పటి అడుగున పరిచాడు. మేకులు పైన, భుజాల మధ్యకి వచ్చేటట్టు, ఒక్కొక్కటే పేర్చాడు.

"బూట్లు విప్పరా" అన్నాడు చిన్న ఓనరు.

నేరుగా తనతో అన్నాడా అని లోడు అటూ ఇటూ చూశాడు. గాలితో కాదు, తనతోనే. విప్పాడు. చిన్న ఓనరు, బల్ల వెనక ఫ్యాను కింద కూర్చున్న ఆ పెద్దమనిషి, బురదలో కూర్చుని లోడు పాదాన్ని చేతుల్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య కూడా విడదీసి చూశాడు. నీలం దారం మేజోళ్ళు తనే తొడిగాడు.

"నీవి బాగున్నాయి. ఈసారి చూసే చెబుతున్నా."

"నువ్వు పొడుగుని ఎందుకు బయటపెట్టావు బావా? వాడు జెండా దాకా ఎలాగో వచ్చేవాడు. నువ్వు గట్టెక్కేవాడివి."

చిన్న ఓనరు సంచీలో దుప్పటి సర్దాడు, మళ్ళీ తీసి మళ్ళీ సర్దాడు. సర్దడం రాని చేతులు కావు అవి, చెప్పడం రాని చేతులు. ఇస్త్రీ సారు అవతల ఈల జేబులోంచి తీసి తుడుచుకుంటున్నాడు.

"ఆ మాట నాన్న అనలేదురా."

"ఏ మాట?"

"రిటర్న్ లోడు. నాన్న ఎప్పుడూ అనలేదు. నేనే పుట్టించాను."

లోడు చేతిలో మేకు జారి బురదలో పడింది. "ఎందుకు?"

"నీకు రోషం రావాలని. ఆ రోషంతోనైనా నువ్వు నెగ్గాలని." తల ఎత్తకుండానే, గబగబా, నోట్లో నోట్లో చెబుతున్నాడు. "కిందటిసారి నువ్వు పడిపోయావని తెలిసిన రోజే నేను ఇక్కడ చేరడానికి బయల్దేరా. నువ్వు తిరిగి రాకూడదు బామ్మర్దీ. తిరిగి రావడానికి అక్కడేం మిగల్లేదు. లారీలు లేవు, ఆఫీసు లేదు. నాన్న..."

ఈల.

చిన్న ఓనరు నోరు టక్కున మూసుకుంది. సంచీ మూతి బిగించి, లోడు వీపు మీద పెట్టి, పట్టీ సరిచేశాడు. తన సంచీ తగిలించుకుని, కొండదారిలో ముందు నడిచాడు. పక్కనుంచి ఇస్త్రీ సారు చెవులు రిక్కించుకుని వస్తున్నాడు.

నాన్న... ఏమిటి? లోడు పళ్ళు బిగపట్టి పెదవుల్ని లోపలికి లాక్కున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఏ ప్రశ్ననీ ఇంత లోపల పెట్టుకుని నడిచిన పాపాన పోలేదు. కొండ ఎదురుగా, మబ్బులోకి దూరిపోయి, ఎక్కడ ముగుస్తుందో కనపడకుండా ఉంది. దాన్ని దాటేదాకా మాట లేదు.

రెండు మలుపులు ఎక్కాక దారి నిటారైంది. వాన మొహానికి కొడుతోంది. ముందు నడుస్తున్న బావ భుజాలు ఎగసెగసి పడుతున్నాయి. అది ఎగశ్వాసో, ఏడుపో, వెనక నడిచేవాడికి తెలిసే దారి లేదు.